చెర్రీ, ప్లమ్, బాదం, ఖుబానీ ఒకే ఇంటి పిల్లలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బాటనీ చదువుకున్నానని తెలిసిన పాపానికి ఇంట్లోవాళ్ళు, ఫ్రెండ్స్, అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు, అందరూ పండ్ల ఫొటోలు పంపి ఇదేంటి అదేంటి అని అడుగుతుంటారు. చెర్రీలు, ప్లమ్‌ల మీద వచ్చినన్ని డౌట్లు ఇంకదేని మీదా రావు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఒకేచోట రాసేస్తున్నా, వరుసలో లేవు, గుర్తొచ్చినట్టు రాసుకుంటూ పోయా.

కేక్ మీద పెట్టే ఎర్ర చెర్రీ, మీరు చెప్పే చెర్రీ ఒకటేనా?

చాలావరకు కాదు. మన బేకరీల్లో కేకుల మీద, ఐస్‌క్రీముల మీద కనిపించే ఆ ఎర్రటి గుండ్రటి వస్తువు ఎక్కువసార్లు వాక్కాయే. అవును, పప్పులో వేసుకునే పుల్ల వాక్కాయ. గింజలు తీసేసి, పంచదార పాకంలో నానబెట్టి, రంగు వేసి చెర్రీ అని అమ్ముతారు. వాక్కాయ గన్నేరు కుటుంబంది, చెర్రీకి చుట్టం కూడా కాదు. నిజం చెర్రీ మన దగ్గరికి కశ్మీర్, హిమాచల్ నుంచి మే, జూన్‌లలో చిన్న చిన్న డబ్బాల్లో వస్తుంది, కశ్మీర్‌లో దాన్ని గిలాస్ అంటారు. సింగపూర్ చెర్రీ, బార్బడోస్ చెర్రీ కూడా పేరుకే చెర్రీలు. రేగుపండుని ఇండియన్ ప్లమ్ అంటారు, నేరేడుని జావా ప్లమ్ అంటారు, ఆ రెండూ ప్లమ్‌లు కావు. తెల్లవాళ్ళు ఎక్కడికెళ్ళినా గుండ్రంగా చిన్నగా ఉన్నదానికల్లా తమ ఊరి పండు పేరు తగిలించేశారు, ఇప్పుడు మనం చిక్కు విప్పుకుంటున్నాం.

మరి మా స్కూల్లో ఉన్న బాదం చెట్టు?

అదీ కాదండి. పెద్ద పెద్ద ఆకులతో గొడుగులా అంతస్తులుగా పెరిగే ఆ నాటు బాదం మన తెల్లమద్ది, కరక్కాయల వంశం. కిరాణా కొట్లో కొనే బాదంపప్పు మాత్రం అచ్చంగా చెర్రీ, ప్లమ్‌ల ఇంటిదే. డౌటుంటే బాదం నూనె సీసా తిప్పి చూడండి, వెనకాల ప్రూనస్ అమిగ్డాలస్ అని ఉంటుంది.

ఈ ప్రూనస్ అంటే ఏంటి?

ఒక ప్రజాతి పేరు, అంటే దగ్గరి చుట్టాలైన జాతులన్నిటినీ కలిపిన గుంపు (జీనస్). గులాబీ కుటుంబంలో ఉంటుంది, ఆపిల్, పియర్, స్ట్రాబెర్రీ కూడా ఆ కుటుంబమే. ప్రూనస్ లోపల చెర్రీ, ప్లమ్, పీచ్, ఆప్రికాట్, బాదం, ఇంకా మనం తినని అడవి చెట్లు బోలెడు, లెక్కపెట్టే మనిషిని బట్టి 250 నుంచి 400 జాతుల దాకా ఉన్నాయి. హైదరాబాద్ పెళ్ళి భోజనంలో ఖుబానీ కా మీఠా తిన్నారు కదా, అందులో ఖుబానీ అంటే ఎండు ఆప్రికాట్, పైన అలంకరణకి వేసే తెల్ల పప్పు ఆ ఖుబానీ టెంక పగలగొట్టి తీసిందే. చూడ్డానికి బాదంలా ఉంటుంది, తింటే కూడా దాదాపు బాదంలాగే ఉంటుంది. ఎందుకుంటుందంటే అవి రెండూ దగ్గరి చుట్టాలు. నాకు ఈ మొత్తం సబ్జెక్ట్ అక్కడే, ఒక గిన్నె మీఠా దగ్గరే అర్థమైంది అనిపిస్తుంది. నాన్‌వెజ్ కూరల్లో పులుపు కోసం వేసే ఆలూ బుఖారా ఎండబెట్టిన ప్లమ్, అదీ ఇదే ఇల్లు.

మామిడికి కూడా టెంక ఉంది కదా, అది ఎందుకు కాదు?

టెంక ఉన్నంత మాత్రాన చుట్టరికం రాదు. మామిడి జీడిమామిడి కుటుంబంది, దాని టెంక వేరేగా పుట్టింది.

చెట్టుని చూసి ప్రూనస్ అని గుర్తుపట్టడం ఎలా?

పండు ఉంటే ఈజీ. ఒక పక్కన పైనుంచి కిందికి గీత ఉంటుంది, పీచ్ మీద బాగా తెలుస్తుంది, లోపల ఒకే టెంక, అందులో మామూలుగా ఒకే పప్పు. పువ్వైతే ఐదు రక్షక పత్రాలు, ఐదు రెక్కలు, బోలెడు కేసరాలు, మధ్యలో ఒకే ఒక్క అండకోశం. ఆపిల్‌లో గింజల గదులు ఐదు ఉంటాయి, ఇక్కడ ఒకటే. పువ్వూ కాయా లేకపోతే ఆకు తొడిమ చూడండి, తొడిమ ఆకుని కలిసే చోట చాలా జాతుల్లో రెండు చిన్న బొడిపెలు ఉంటాయి, వాటిలోంచి తీపి రసం వస్తుంది, చీమలు చేరతాయి, అవి పురుగుల్ని పట్టుకుపోతుంటే చెట్టుకి లాభం. బెరడు గీస్తే తుమ్మ జిగురులాంటి బంక కారుతుంది. ఆకు నలిపితే చేదు బాదం వాసన రావొచ్చు. ఇవన్నీ ఒకేదాంట్లో కనపడకపోవచ్చు గానీ రెండు మూడు కలిస్తే మాత్రం ఇక అనుమానం అక్కర్లేదు.

పుస్తకానికొక పేరు ఎందుకుంది? ఒకదాంట్లో సెరాసస్, ఇంకోదాంట్లో ప్రూనస్...

ఈ గొడవ 300 ఏళ్ళ నాటిది. 1700లో ఫ్రాన్స్‌లో టూర్నఫోర్ అనే ఆయన పండుని చూసి ఆరు ముక్కలు చేశాడు: బాదం వేరు, పీచ్ వేరు, ఆప్రికాట్ వేరు, ప్లమ్ వేరు, చెర్రీ వేరు, లారెల్ చెర్రీ వేరు. వంటింటి లెక్క అది, మార్కెట్లో బుట్టలు విడివిడిగా పెట్టినట్టు. తర్వాత లిన్నేయస్ వచ్చి 1753లో రెండే ఉంచాడు, బాదం పీచ్ కలిపి అమిగ్డాలస్ అన్నాడు, మిగతావన్నీ ప్రూనస్‌లో పడేశాడు. 19వ శతాబ్దంలో లండన్‌లో బెంథమ్, హుకర్ ఇద్దరూ ఇంకో అడుగేసి అన్నిటినీ ఒకే ప్రూనస్ కిందకి తెచ్చారు. అక్కడితో ఆగిందా అంటే లేదు, 1940లో అమెరికాలో రేడర్ ఒకే ప్రజాతి ఉంచి లోపల ఐదు ఉపప్రజాతులు చేశాడు, సరిగ్గా ఆ టైములోనే, 1941లో, సోవియట్ రష్యాలో కొమరోవ్ మళ్ళీ విడగొట్టి వేర్వేరు ప్రజాతులన్నాడు. అందుకే పాత రష్యన్, చైనీస్ పుస్తకాల్లో ఆప్రికాట్‌కి ఆర్మేనియాకా అని, చెర్రీకి సెరాసస్ అని కనిపిస్తుంది, అమెరికన్ పుస్తకాల్లో అన్నీ ప్రూనసే.

బాదం అయితే పాపం ఒక్కతే మూడు పేర్లు మార్చుకుంది: అమిగ్డాలస్ కమ్యూనిస్, ప్రూనస్ అమిగ్డాలస్, ఇప్పుడు ప్రూనస్ డల్సిస్. నూనె సీసా మీదేమో పాత పేరే నడుస్తోంది.

ఒకటా ఆరా అన్నది కొంత వరకు అభిరుచి కూడా. ఉమ్మడి కుటుంబం ఒకే ఇంట్లో ఉన్నా, పోర్షన్లు విడగొట్టుకున్నా చుట్టరికం మారదు కదా. మారకూడనిది ఒక్కటే, ఒక పోర్షన్లో పెట్టినవాళ్ళు నిజంగా ఒక తల్లి పిల్లలై ఉండాలి. నేనైతే ఒకే ప్రూనస్ పక్షం, కారణం కింద డీఎన్‌ఏ దగ్గర చెప్తా.

డీఎన్‌ఏ వచ్చాక ఏం తేలింది?

అసలు మజా ఇక్కడే. పండుని పక్కన పెట్టి పూత ఎలా కాస్తుందో చూస్తే చాలు, మూడు గుంపులు దాదాపు నీట్‌గా విడిపోతాయని తేలింది. మొదటిది ఒంటి పూతవి, కొమ్మకి ఒక్కో పువ్వో రెండు మూడో అంటుకుని పూస్తాయి: పీచ్, బాదం, ప్లమ్, ఆప్రికాట్. రెండోది గుత్తి పూతవి, కొత్తిమీర పూత గొడుగులా ఒకే చోటు నుంచి పొడుగు కాడలు వస్తాయి: మనం తినే చెర్రీ, జపాన్ సకురా. మూడోది కంకి పూతవి, ఆవ పూతలా పొడుగు కాడ మీద చిన్న చిన్న పూలు వరుసగా ఉంటాయి: బర్డ్ చెర్రీ, లారెల్ చెర్రీ, అమెరికా బ్లాక్ చెర్రీ. 2013లో చైనా వాళ్ళు చేసిన పెద్ద స్టడీ రేడర్ ఐదు ఉపప్రజాతుల్ని ఈ మూడుకి తగ్గించింది: ప్రూనస్, సెరాసస్, పాడస్.

ఇందులో ఇంకో విశేషం, పైజియం, మాడెనియా అని వేరే ప్రజాతులుగా బతుకుతున్న రెండు గుంపులున్నాయి. పైజియం ఉష్ణమండలం అడవుల చెట్లు, మాడెనియా హిమాలయాలు, చైనా వైపు. డీఎన్‌ఏ చూస్తే రెండూ కంకి పూత గుంపులో మధ్యలో దూరి ఉన్నాయి. వాటిని బయట ఉంచాలంటే ప్రూనస్‌ని ముక్కలు చేసుకుంటూ పోవాలి, లోపలికి పిలిచేస్తే ఒక్క ప్రజాతితో అయిపోతుంది. అందుకే నా ఓటు ఒకే ప్రూనస్‌కి.

ఇంకో సంగతి, అమెరికాలో చెర్రీ వుడ్ అని ఖరీదైన ఫర్నిచర్ అమ్ముతారు చూడండి, అది మూడో గుంపులో ఉన్న బ్లాక్ చెర్రీ. మనం తినే చెర్రీకి కజిన్ అనొచ్చు, సొంత అక్కచెల్లెలు మాత్రం కాదు.

చెర్రీలా ఉండి చెర్రీ కానిది ఈ ఇంట్లోనే ఉందా?

ఉంది, భలే ప్రశ్న. నాంకింగ్ చెర్రీ, శాండ్ చెర్రీ అని చిన్న పొదలుంటాయి, కాయ ఎర్రగా గుండ్రంగా పుల్లగా, ఎవరు చూసినా చెర్రీ అనే అంటారు, బాటనీ వాళ్ళు కూడా చాలాకాలం అదే అనుకున్నారు. కానీ తోటమాలులకి ఎప్పుడో అనుమానం వచ్చింది, ఎందుకంటే వీటిని చెర్రీ మీద అంటు కడితే పట్టదు, ప్లమ్ మీద కడితే శుభ్రంగా పడుతుంది. ఆకు చంకలో మొగ్గలు కూడా మూడేసి ఉంటాయి, అసలు చెర్రీకి ఒక్కటే. డీఎన్‌ఏ తోటమాలి మాటే నిజమంది, ఇవి ప్లమ్ గుంపువి, చెర్రీ రూపం విడిగా వచ్చింది. పిట్టలు మింగాలంటే చిన్నగా ఎర్రగా ఉండాలి, ఆ అవసరం రెండు చోట్ల ఉంటే రెండు చోట్లా చెర్రీలాంటిది తయారవుతుంది.

ఇవి ఎప్పుడు, ఎక్కడ పుట్టాయి?

శిలాజాలు, డీఎన్‌ఏ కలిపి వేసిన అంచనా ప్రకారం దాదాపు 6.1 కోట్ల ఏళ్ళ కింద, తూర్పు ఆసియా వైపు. డైనోసార్లు పోయింది 6.6 కోట్ల ఏళ్ళ కింద, మన దక్కన్ మీద లావా పొరలు పరుచుకున్నది కూడా ఆ కాలమే. అంటే ఆ లావా చల్లారిన కొంతకాలానికి చైనా వైపు మొదటి ప్రూనస్ కాయ కాసిందన్నమాట, అప్పటికి ఇండియా ఇంకా ఆసియాకి సరిగా అతుక్కోనే లేదు.

పాత టెంకలు దొరికాయి కూడా, చైనాలో షాన్‌డాంగ్ దగ్గర వుటు అనే చోట దాదాపు 5.5 కోట్ల ఏళ్ళ నాటివి. టెంక గట్టిది కాబట్టి మట్టిలో నిలిచిపోతుంది, పువ్వులకి ఆ అదృష్టం తక్కువ. నాకు ఇష్టమైన కథ చైనాలోని కున్మింగ్‌ది. 2010లో అక్కడ బస్ స్టేషన్ దగ్గర రోడ్డు పని కోసం తవ్విన మట్టిలో పీచ్ టెంకలు బయటపడ్డాయి, ఎనిమిది, చూస్తే నిన్న తిని పారేసినట్టే ఉన్నాయి, వయసు చూస్తే 25 లక్షల ఏళ్ళ పైనే. అంటే మనుషులు పీచ్‌ని పెంచకముందే అది పెద్ద టెంకతో పీచ్‌లాగే ఉందన్నమాట, పెద్ద కాయలు తిని టెంకలు మోసుకెళ్ళిన జంతువులేవో ఉండి ఉంటాయి.

ఇక మొదటి ప్రూనస్‌ల సంగతికొస్తే, తూర్పు ఆసియా నుంచి ఉత్తర ధ్రువం వైపు అప్పట్లో ఉన్న నేల వంతెనల మీదుగా ఉత్తర అమెరికాకి, యూరప్‌కి పాకాయి. ఆ కాలంలో భూమి ఎంత వెచ్చగా ఉండేదంటే అంత ఉత్తరాన కూడా అడవులుండేవి. తర్వాత చల్లబడి దారులు మూసుకుపోయాయి, అటుపక్క కొన్ని ఇటుపక్క కొన్ని మిగిలిపోయాయి.

టెంక దూరం పోవడానికి పిట్టలే కాదు ఎలుగుబంట్లు కూడా సాయం. జపాన్‌లో ఒక అడవి చెర్రీ మీద చూస్తే ఎలుగులు గింజల్ని సగటున 300 మీటర్ల ఎత్తు పైకి మోసుకెళ్తున్నాయట. వసంతం కొండ కింద మొదలై పైకి పాకుతుంది, కాయ తినడానికి ఎలుగూ దాని వెనకే ఎక్కుతుంది. వాతావరణం వేడెక్కుతుంటే చెట్టుకి అంతకన్నా కావాల్సిన లిఫ్ట్ ఏముంది చెప్పండి.

ఒక జాతిలోంచి ఇంకో జాతి చీలడమేనా, కలవడం కూడా ఉందా?

కలవడం బోలెడు. ప్రూనస్‌లో క్రోమోజోముల బేస్ 8, అంటే ఒక సెట్‌లో 8. పీచ్, బాదం, తీపి చెర్రీలకి 16. పుల్ల చెర్రీకి 32, ఎందుకంటే అది తీపి చెర్రీ, 32 ఉన్న పొద చెర్రీ కలిసిన బిడ్డ. యూరప్ ప్లమ్‌కి 48. దీని తల్లిదండ్రులు 16 ఉన్న చెర్రీ ప్లమ్, 32 ఉన్న స్లో (sloe) అనే అడవి ప్లమ్ అని 1930ల్లో రష్యాలో రిబిన్ ఆ రెండిటినీ కలిపి చూపించాడు, ఇప్పటి జీనోమ్ పనుల్లో ఈ కథ ఇంకా చిక్కుగా కనిపిస్తోంది. లారెల్ చెర్రీకైతే 176! అంటే 22 సెట్లు, టైపింగ్ మిస్టేక్ కాదు.

అసలు కంకి పూత గుంపు మొత్తం ఇలాంటి పురాతన సంకరాల్లోంచి వచ్చిందని ఇప్పుడు గట్టిగా అంటున్నారు. ఎలా తెలిసిందంటే, క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ తల్లి వైపు నుంచే వస్తుంది, కేంద్రకం డీఎన్‌ఏ ఇద్దరి నుంచీ వస్తుంది. రెండిటితో వంశవృక్షాలు గీస్తే ఒకదానికొకటి కుదరట్లేదు. తల్లిని అడిగితే ఒక ఊరు చెప్తోంది, కేంద్రకాన్ని అడిగితే ఇంకో ఊరు చెప్తోంది, అలాంటప్పుడు మధ్యలో వేరే ఊరి సంబంధం జరిగిందనే కదా అర్థం.

బాదం, పీచ్ అంత దగ్గరా? ఒకటి పప్పు, ఒకటి పండు కదా?

పచ్చి బాదం కాయ ఎప్పుడైనా చూశారా, నూగుతో అచ్చం పిందె పీచ్‌లా ఉంటుంది. తేడా ఏంటంటే పీచ్‌లో బయట కండ రసంతో ఉబ్బుతుంది, బాదంలో ఆ కండ ఎండి పగిలిపోతుంది, మనం లోపలి టెంక పగలగొట్టి పప్పు తింటాం. రెండూ విడిపోయింది దాదాపు 60 లక్షల ఏళ్ళ కిందే, భూగోళం లెక్కలో మొన్నన్నమాట. మధ్య ఆసియా కొండలు లేచి వాతావరణం రెండుగా చీలినప్పుడు తడి ఉన్న తూర్పు పీచ్‌కి, ఎండిన పడమర బాదంకి పోయిందని ఒక వాదన. ఇప్పటికీ కలిపితే కలుస్తాయి, జీఎఫ్ 677 అని తోటల్లో అంటు కట్టడానికి కింద వాడే వేరుమొక్క ఈ రెండిటి బిడ్డే.

అడవి బాదం చేదు, చేదంటే ఊరికే చేదు కాదు, అమిగ్డాలిన్ అనే పదార్థం నమిలితే సయనైడ్ వదులుతుంది. ఒక్క జీన్‌లో వచ్చిన చిన్న మార్పుతో ఆ తయారీ ఆగి పప్పు తియ్యబడిందని 2019లో బయటపడింది. ఎవరో ఆ చెట్టుని గుర్తుపట్టి దాచుకున్నారు, ఈజిప్ట్ రాజు టూటన్‌ఖామెన్ సమాధిలో కూడా బాదంపప్పులు దొరికాయి. అన్నట్టు ఖుబానీ పప్పుల్లో కూడా తీపివి, చేదువి రెండు రకాలూ ఉంటాయి, చేదుగా తగిలితే ఉమ్మేయండి, మొహమాటం వద్దు.

పీచ్ పర్షియాది, ఆప్రికాట్ ఆర్మేనియాది అంటారు, పేర్లలో కూడా ఉంది?

పేర్లు నమ్మకండి. పీచ్ చైనాది, యాంగ్జీ లోయలో 7,500 ఏళ్ళ కిందే మనుషులు ఎంచుకుని పెంచిన ఆనవాళ్ళున్నాయి. యూరప్‌కి పర్షియా దారిలో వచ్చింది కాబట్టి సైన్స్ పేరులో పెర్సికా అయింది. జాపనీస్ ప్లమ్ అని అమ్మేది కూడా చైనాదే. జపాన్ వాళ్ళ ఊమెని ప్లమ్ అంటారు, నిజానికి అది ఆప్రికాట్‌కి దగ్గర. చెర్రీని లుకుల్లస్ అనే రోమన్ సేనాని నల్లసముద్రం ఒడ్డు నుంచి ఇటలీకి తెచ్చాడని పాతకాలం రోమన్ రచయిత ప్లినీ రాశాడు, కానీ అంతకన్నా చాలా ముందే యూరప్‌లో మనుషులు అడవి చెర్రీ తిని పారేసిన టెంకలు తవ్వకాల్లో దొరికాయి. మంచి రకాలేవో తెచ్చుంటాడు, అంతే.

వాషింగ్టన్‌లో చెర్రీ బ్లాసమ్స్ చూశాం, కాయలెందుకు లేవు?

మా పిన్ని కూతురు ప్రతి ఏప్రిల్ అడిగే ప్రశ్న. 1912లో టోక్యో నుంచి 3,020 చెట్లు కానుకగా వచ్చాయి, అందులో ఎక్కువ సోమెయ్ యోషినో రకం. ఇది రెండు జపాన్ చెర్రీల సంకరం, విత్తనంతో కాకుండా అంటుతో పెంచుతారు, కాబట్టి ప్రపంచంలో ఉన్న సోమెయ్ యోషినో చెట్లన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు. అందుకే అన్నీ ఒకేసారి పూస్తాయి, ఫొటోలు అంత బాగా వస్తాయి. చెర్రీలు మామూలుగా తమ పుప్పొడిని తామే ఒప్పుకోవు, పక్క చెట్టు కూడా తనే అయితే ఇక కాయ ఎక్కడిది, వేరే రకం పుప్పొడి తగిలితే చిన్న చేదు కాయలు అక్కడక్కడా కాస్తాయి. జపాన్ చెర్రీల పని అయిపోయిందనుకుంటే 2018లో కీ ద్వీపకల్పంలో కుమనో సకురా అని కొత్త అడవి జాతికి పేరు పెట్టారు, అక్కడ దాదాపు వందేళ్ళ తర్వాత దొరికిన కొత్త జాతి.

ఇండియాలో అడవి చెర్రీలు ఉన్నాయా?

ఎందుకు లేవు. హిమాలయాల్లో ప్రూనస్ సెరసాయిడిస్ ఉంది, అక్టోబర్, నవంబర్‌లలో పూస్తుంది, చెర్రీలు ఎక్కువగా వసంతంలో పూస్తుంటే ఇది చలికాలం ముందు గులాబీ రంగేసుకుంటుంది. షిల్లాంగ్‌లో నవంబర్‌లో జరిగే చెర్రీ బ్లాసమ్ ఫెస్టివల్ దీనికోసమే. ఇది మనకి తెలియని చెట్టేం కాదు, ఆయుర్వేదం కొట్లో పద్మకాష్ఠం అని ఇచ్చే చెక్క ఇదే. పద్మకం అని తెలుగు వైద్య గ్రంథాల్లో చదివి తామర అనుకునేవాళ్ళున్నారు, నేనూ ఒకప్పుడు అదే అనుకున్నా. కంకి పూత గుంపు నుంచి హిమాలయ బర్డ్ చెర్రీ ఉంది. దక్షిణాన అయితే పశ్చిమ కనుమల తడి అడవుల్లో ప్రూనస్ సిలానికా ఉంది, శ్రీలంకలో కూడా, అదే పాత పైజియం గుంపు.

మరి మన దగ్గర చెర్రీ తోట ఎందుకు వెయ్యలేం?

చలి చాలదు. శీతాకాలంలో మొగ్గలు నిద్రపోతాయి, నిద్ర లేవాలంటే సుమారు 7 డిగ్రీల కన్నా తక్కువ చలి వందల గంటలు తగలాలి, చెర్రీ రకాలకి మామూలుగా 800 గంటల పైమాటే. లంబసింగిలో ఒకోసారి సున్నా దగ్గరికి పోతుంది నిజమే, కానీ అది కొన్ని రాత్రుల ముచ్చట, పగలు మళ్ళీ ఎండ. నర్సరీవాళ్ళు కుండీలో కాస్తుందని అమ్మితే ఆకులు చూసి ఆనందించడానికి కొనుక్కోండి. పీచ్‌లో మాత్రం తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలున్నాయి, పంజాబ్ మైదానాల్లో షాన్-ఎ-పంజాబ్ పండిస్తున్నారు. మెక్సికో నుంచి వచ్చిన ఒక పీచ్ అసలు నిద్రే పోదు, నిద్రపుచ్చే జీన్ల గుంపులో ముక్క ఎగిరిపోయింది దానికి.

పైజియం అని ఇందాక అన్నారు, మందుల షాపులో కూడా ఆ పేరు చూశాను?

అది ఆఫ్రికా కొండల్లో పెరిగే ప్రూనస్ ఆఫ్రికానా బెరడు, ప్రోస్టేట్ ఇబ్బందికి వాడతారు. బెరడు కోసం చెట్లని చుట్టూ ఒలిచేస్తే ఎండిపోతున్నాయని 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద కంట్రోల్ పెట్టారు. పేరు కథ కూడా చెప్పేస్తా, గ్రీకులో పైజీ అంటే పిరుదులు. కాయ పొడుగు కన్నా వెడల్పు ఎక్కువగా, మధ్యలో గాడి పడి రెండు బుగ్గలుగా ఉంటుంది, అది చూసి 18వ శతాబ్దంలో పెద్దమనిషి ఒకాయన సీరియస్‌గా ఆ పేరు పెట్టేశాడు. క్లాసులో ఇది మాకు ఎవరూ చెప్పలేదు లెండి.